నిమ్మ అని కొడితే కొబ్బరి ఎందుకు వస్తాందంటే

అమ్మణ్ణీ,

రాత్రి ఫోన్లో నువ్వు చెప్పింది సగమే అర్థమైంది, ఆ పక్క నీ రూమ్మేట్ మిక్సీ, ఈ పక్క మీ అమ్మ టీవీ. అందుకే తీరిగ్గా రాస్తాండా. నువ్వు వాట్సాప్‌లో పంపిన స్ఫింక్స్ కాన్ఫిగ్ ఫైలు, అదే సైటులో మాటలు వెతికి పెట్టే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల ఫైలు, పొద్దున కాఫీ తాగతా రెండుసార్లు చూసినా. మామ నర్సరీ సైటు సెర్చ్‌లో ముందు తెలుగులో ఏం కొట్టినా సున్నా వచ్చేది, నువ్వేదో మార్చినాక ఇప్పుడు నిమ్మ అని కొడితే కొబ్బరి, మల్లె, ఎరువుల రేట్లు అన్నీ వచ్చి మీద పడతా ఉండాయంటివి గదా. తప్పు దొరికిందిలే.

ముందు సున్నా ఎందుకొచ్చిందంటే, స్ఫింక్స్‌కి చార్‌సెట్ టేబుల్ అని ఒకటుంటుంది, దాంట్లో ఉండే అక్షరాలే దానికి అక్షరాలు, మిగతావన్నీ ఖాళీ జాగాతో సమానం. మనం ఏమీ రాయకుంటే దాంట్లో ఉండేది ఇంగ్లీషు, రష్యన్ అంతే. రష్యన్ ఎందుకంటే దాన్ని 2001లో మొదలుపెట్టిన ఆండ్రూ అక్స్యోనోవ్ రష్యా ఆయన, ఆయన భాష ఆయన పెట్టుకున్నాడు, మన భాష మనమే పెట్టుకోవాల. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక హోస్టింగ్ కంపెనీ వాడు నాతో తెలుగు సపోర్ట్ లేదు సార్ అని తేల్చేసినాడు, ఒక్క లైను రాస్తే అయ్యేదానికి నెల రోజులు తిప్పినాడు, ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండతాది.

ఇంగ నువ్వు చేసింది. క నుంచి హ దాకా రాసి వదిలేసినావు, యూనికోడ్ (కంప్యూటర్లో ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరు) లెక్కలో యూ+0సీ15 నుంచి యూ+0సీ39. హల్లులు వచ్చినాయి సరే, మరి గుణింతం ఏడబోయె? యూనికోడ్‌లో గుడి, కొమ్ము, సున్న, పొల్లు అన్నీ విడివిడి అక్షరాలు. నీ టేబుల్లో అవి లేవు గాబట్టి నిమ్మ అనే మాట దానికి న, మ, మ అని మూడు ముక్కలుగా కనిపిస్తాంది. కొబ్బరి పేజీ కూడా అట్నే ముక్కలైపోయి ఉంటాది, దాంట్లో ఎక్కడో ఒక న, ఎక్కడో ఒక మ లేకుండా పోతాయా? అందుకే అన్నీ వస్తాండాయి. అరటి అయితే ఇంకా అన్యాయం, అ కూడా పోయి రట మిగిలింది. యూ+0సీ00 నుంచి యూ+0సీ7ఎఫ్ దాకా మొత్తం తెలుగు బ్లాకు రాసెయ్, 128 గళ్ళు, దాంతో తీరిపోతాది. ఇంగ్లీషు అక్షరాల లైను తీసెయ్యాకు, పక్కనే ఉండనీ, అంకెలు కూడా.

అది మార్చినాక సర్వీసు రీస్టార్ట్ చేసి ఊరుకుంటే ఏం మారదు. నేను ఒకప్పుడు సాయంత్రమంతా రీస్టార్ట్ చేసి చేసి, సర్వర్‌ని తిట్టి, చివరికి తెలిసిందేమంటే ఇండెక్స్, అంటే ఏ మాట ఏ పేజీలో ఉందో రాసుకున్న పట్టిక, పాతదే ఉంది. ఇండెక్సర్‌ని మళ్ళీ నడపాల, రొటేట్ అనే ఆప్షన్ పెట్టి. అప్పుడు కొత్త ఇండెక్స్ పక్కన కట్టుకుని తయారైనాక పాతదాని చోట్లో పెడతాది, సైటు చూసేవాళ్ళకి తెలియనే తెలియదు. మామకి ఉండేది పదకొండొందల పేజీలు, రాత్రి రెండుకి, చెప్పిన టైముకి తానే పని నడిపే క్రాన్‌లో పెట్టేస్తే చాలు. మీ ఆఫీసులో ఎవరో ఇంకో పెద్ద సెర్చ్ సాఫ్ట్‌వేర్ ఎలాస్టిక్‌సెర్చ్ పెట్టమన్నారంటివే, ఒక జీబీ ర్యామ్ ఉండే సర్వర్లో ఈ మాత్రానికి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

ఇంకోటి, కంటికి కనపడని అక్షరం. సైట్‌లో అని కొన్ని కీబోర్డుల్లో కొట్టినప్పుడు ట్‌ తర్వాత యూ+200సీ అని ఒకటి దూరతాది, కొన్నిట్లో దూరదు. దాన్ని, లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే ఇగ్నోర్ క్యారెక్టర్స్‌లో రాస్తే రెండూ ఒకటే మాట అవుతాయి.

మన భాషకి అసలు తలనొప్పి విభక్తులు. మామిడి, మామిడికి, మామిడితోటలో, వీటికి మాట మొదలు కలిస్తే చాలనే ప్రిఫిక్స్ లెంగ్త్ 3 పెట్టి, కొట్టిన మాటతో మొదలయ్యేవన్నీ తెచ్చే ఎక్స్‌పాండ్ కీవర్డ్స్ 1 చెయ్, వస్తాయి. కానీ చెట్టు కొడితే చెట్లు రాదు, ట్టు పోయి ట్లు వచ్చింది గదా. దానికి వర్డ్‌ఫామ్స్ ఫైలు ఉంది, వరసకి ఒకటిగా చెట్లు అంటే చెట్టు అని రాసుకుంటూ పోవడమే. ఈ ఫైలు నువ్వు ఒక్కదానివే రాయాకు, మామ పక్కన కూర్చో. మన దామలచెరువు మామిడి మండీలో ఎవరూ బంగినపల్లి అనరు, బేనీషా అంటారు. తోతాపురికి బెంగళూరా అనే పేరుంది, కోస్తా వాళ్ళు దాన్నే కలెక్టర్ అంటారు. అది కూడా కలుపుదామని నీకనిపిస్తాది, వద్దు, తోతాపురి కొట్టిన రైతుకి మామ జిల్లా కలెక్టరుతో దిగిన ఫోటో పేజీ ముందుకొచ్చి నిలబడతాది! జనం వెతికిన మాటలు రాసుకునే క్వెరీ లాగ్ ఆన్ చేసి రెండు వారాలు వదులు, జనం నిజంగా ఏం కొడతాండారో చూసి అవే రాయి. శెనక్కాయలు అని కొట్టేవాళ్ళు ఉంటారు, నీ పేజీల్లో అంతటా వేరుశనగ అనే ఉంది.

లిసన్ లైన్లో 9306 పోర్టు నంబరు ముందర 127.0.0.1, అంటే ఈ సర్వర్ లోపలివాళ్ళకే అని, పెట్టినావా చూడు, నాకు కనపడలే. మనం పెట్టుకోకుంటే, వెనకాల నడిచే సెర్చ్ డెమన్‌కి పాస్‌వర్డ్ ఉండదమ్మా, ఆ 127.0.0.1 లేకుంటే ఊరంతా లోపలికి రావొచ్చు. నేను ఒకసారి మరిచిపోయినా, ఎవడో ముక్కూమొహం తెలీనోడు వచ్చి వెతుక్కున్నట్టు లాగ్‌లో చూసి రాత్రంతా నిద్ర పట్టలే.

బేనీషా పెట్టె ఒకటి మీ అమ్మ శనివారం బస్సులో వేస్తానంటాంది, డ్రైవర్ నంబర్ పంపిస్తా, తెల్లారకముందే పోయి తెచ్చుకో. ఇండెక్స్ కట్టినాక నిమ్మ, అరటి, చెట్టు, చెట్లు, నాలుగూ కొట్టి దేనికి ఎన్ని పేజీలు వచ్చినాయో మెసేజ్ పెట్టు. చెట్టుకీ చెట్లకీ లెక్క ఒకటే రావాల.

మీ నాయన
తిరుపతి