మర్రిమాను చూడాలంటే మంచినీళ్లు మానేయాలా? పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

కాగితం మీద అర్జీ ఇచ్చాం. ఆన్‌లైన్‌లోనూ పెట్టాం. కొన్నాళ్లకు ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. వెళ్లి చూస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. అందుకే ఈసారి అందరి ముందూ రాస్తున్నాను. విషయం ఒక్కటే: చూడదగ్గ చోట్ల ఆడవాళ్లకు మరుగుదొడ్లు.

మాది కర్నూలు. సెలవులొస్తే ఇంటిల్లిపాదీ కారులో బయల్దేరతాం. మన సీమలో దారి పక్కన ఆగి చూడాల్సిన వింతలకు కొదవ లేదు. నంద్యాల రోడ్డు మీద ఓర్వకల్లు రాతి గుట్టలు. యాగంటిలో బసవన్న. కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడన్న బ్రహ్మంగారి మాట తలుచుకుని, ఈసారి ఎంత పెరిగాడో చూద్దామని పిల్లలు ముందే పరిగెడతారు. లేపాక్షిలో వేలాడే స్తంభం కింద చున్నీ దూర్చి అవతలికి లాగితే గానీ మా అమ్మాయికి తృప్తి ఉండదు. కదిరి నుంచి ఎన్.పి.కుంట వైపు వెళ్తే తిమ్మమ్మ మర్రిమాను. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన చెట్టు, దాదాపు ఐదెకరాల్లో విస్తరించింది. లోపలికి వెళ్తే ఏది ఊడో ఏది మానో తెలియదు. పిల్లలు లేనివాళ్లు తిమ్మమ్మకు మొక్కుకోవడానికి ఎంతెంత దూరాల నుంచో వస్తారు.

ఇవన్నీ మా ఆడవాళ్లు ఎలా చూస్తున్నారో తెలుసా అయ్యా? దాహమేసినా నీళ్లు తాగకుండా. మా అత్తగారికి షుగరు, మోకాళ్ల నొప్పులు. ప్రయాణమంటే పొద్దున కాఫీ కూడా ముట్టరు. బెలుం గుహల సంగతే తీసుకోండి. మొత్తం 3,229 మీటర్ల గుహలో ఒకటిన్నర కిలోమీటరు దాకా నడిచి చూడొచ్చు. లోపల ఉక్కపోత, చెమట ధారగా కారుతుంది. మగవాళ్లు బాటిల్ ఎత్తి గటగటా తాగుతారు. ఆడవాళ్లు పెదాలు తడుపుకుని మూత పెట్టేస్తారు. పైకి వచ్చాక ప్రయాణం ఇంకెంత ఉందో, దారిలో ఏముంటుందో అన్న టెన్షన్.

ఈ మధ్య ఒక చోట జరిగింది చెబుతాను. ఊరి పేరు రాయను. రాస్తే అక్కడి చిరుద్యోగి మీద వేటు వేసి చేతులు దులుపుకుంటారని నా భయం. టికెట్ కొన్నాం, పార్కింగ్‌కు కట్టాం. ‘స్త్రీలు’ అని రాసిన గదికి తాళం. తాళంచెవి ఉన్నాయన భోజనానికి వెళ్లాడట. ఆయన వచ్చేదాకా అత్తగారు గోడ పట్టుకుని నిలబడ్డారు. తలుపు తీస్తే సగం గదిలో పాత ఫ్లెక్సీలు, సున్నం బకెట్లు. కుళాయి తిప్పితే గాలి తప్ప చుక్క రాలేదు. తలుపుకు గడియ లేదు, నేను బయట నిలబడి పట్టుకున్నాను. తాగడానికి తెచ్చుకున్న బాటిల్ నీళ్లే లోపలికిచ్చాను. ఆవిడ బయటికొచ్చి, “ఇంకెప్పుడూ నన్ను తీసుకురావద్దమ్మా” అన్నారు. డెబ్బై ఏళ్ల మనిషికి ఆ మాట అనాల్సిన పరిస్థితి రావచ్చా మంత్రిగారూ?

కడుపుతో ఉన్నవాళ్లు వస్తారు. నెలసరిలో ఉన్నవాళ్లు వస్తారు. బడిపిల్లల విహారయాత్రలకు బస్సుల కొద్దీ ఆడపిల్లలు దిగుతారు. వాళ్లను పొదల చాటుకు తీసుకెళ్లి చుట్టూ చున్నీలు పట్టుకునే టీచర్ల అవస్థ ఎవరైనా అడిగారా? పెట్రోలు బంకుల్లో ఉచితంగా వాడుకోవచ్చని నిబంధన ఉంది. అడిగితే “అది స్టాఫ్‌కి” అంటారు. పోట్లాడి వాడుకునే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

2024లో కొత్త పాలసీ తెచ్చి టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. సంతోషించాం, నిజంగానే. పెద్ద హోటళ్లు రావాలి, కాదనను. కానీ మర్రిమాను కింద ఓ పూట గడిపి సాయంత్రానికి ఇల్లు చేరే మాలాంటి వాళ్లకు కావాల్సింది స్టార్ హోటల్ కాదు. నీళ్లొచ్చే కుళాయి, లోపలి నుంచి పడే గడియ, ఒక బల్బు, ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బా. తాళంచెవి ఒకరి జేబులో ఉండిపోకుండా, తెరిచి ఉన్నంతసేపూ ఒక మనిషి. ఆ మనిషికి నెలనెలా జీతం. కట్టడానికి నిధులు దొరుకుతాయి, రిబ్బన్ కటింగ్ అవుతుంది, ఆ తర్వాత కడిగే మనిషికి జీతం ఎవరివ్వాలన్న దగ్గరే అంతా ఆగిపోతోంది. పంచాయతీ వాళ్లనడిగితే శాఖ వాళ్లంటారు, శాఖ వాళ్లనడిగితే కాంట్రాక్టరంటారు. ఎవరిదో మీరే తేల్చి, వాళ్ల ఫోన్ నంబరు తలుపు మీద రాయించండి.

కార్తీక మాసం వనభోజనాలకు జనం వస్తారు. ఆలోపు మీరే వెళ్లి చూడండి. ముందు కబురు పెట్టకండి, పెడితే ఆ ఒక్కరోజు నీళ్లొస్తాయి. మీ ఇంటి ఆడవాళ్లను వెంట తీసుకెళ్లండి, వాళ్లనే లోపలికి వెళ్లి చూసి చెప్పమనండి. పని పూర్తి కాకముందే ‘పరిష్కరించబడింది’ అని మాత్రం మళ్లీ మెసేజ్ పంపించకండి, చేతులెత్తి మొక్కుతాను.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక ఇల్లాలు