సొంతంగా ఒక్క బండి తయారు చేసుకునేవాడికి కూడా ఒక దారి పెట్టండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

సైలెన్సర్లు మార్చిన బుల్లెట్లను పోలీసులు పట్టుకుంటే సంతోషమే, మా కర్నూల్లో రాత్రి పూట ఆ చప్పుడుకి పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తా ఉన్నారు. కానీ బండి మార్చకూడదనే అదే చట్టం కింద ఒళ్లు దగ్గర పెట్టుకుని సొంతంగా బండి కట్టుకోవాలనుకునేవాళ్లు కూడా ఇరుక్కుంటున్నారు, వాళ్ల గురించి ఎవరూ రాయట్లేదు.

నాది ఫైబర్ పని, అంటే ఫైబర్‌గ్లాస్‌తో బాడీలు తీసే పని. ఈమధ్య ఒక పిల్లోడు వచ్చి, పాత పికప్ చాసిస్ (బాడీ లేని అడుగు ఫ్రేము) ఉంది, దానిమీద హాట్ రాడ్ ట్రక్కు కట్టుకుంటా, బాడీ ఫైబర్‌లో తీసిస్తావా అన్నా అని అడిగినాడు. అమెరికాలో కాలిఫోర్నియా వైపు 1930ల్లో, 40ల్లో కుర్రోళ్లు పాత ఫోర్డు బండ్లు కొని, బరువు పీకేసి, ఇంజన్‌కి బలం పెంచి ఎండిపోయిన చెరువుల్లో పందేలు వేసేవాళ్లంట, ఈ హాట్ రాడ్లు అట్లా మొదలైనాయి. ఇప్పుడు 1932 ఫోర్డు బాడీలు కూడా ఫైబర్‌గ్లాస్‌లో అచ్చు తీసి అమ్ముతున్నారు. పని నాకు కొత్త కాదు, మౌల్డుకి వ్యాక్స్ పూసి జెల్‌కోట్ అనే పై పూత కొట్టి, అది ఆరినాక గాజు నారతో చేసిన గ్లాస్ మ్యాట్ పరిచి రెజిన్ అనే జిగురు పోసి గాలి బుడగ లేకుండా రోలర్‌తో ఒత్తుకుంటూ పోవాల, మన ఎండలకి రెజిన్ గట్టిపడేదానికి కలిపే హార్డ్‌నర్ రవ్వంత ఎక్కువైతే డబ్బాలోనే గడ్డకట్టి పొగలొస్తాయి. తుప్పు పట్టదు, తేలిక. అయితే గుద్దుకుంటే ఉత్త ఫైబర్ ఏం కాపాడదు, లోపల స్టీలు ఫ్రేము ఉండాల, ఇంజన్‌కి తగ్గ బ్రేకులుండాల, ఇవి ఎవరో ఒకరు చెక్ చేయాల్సిందే.

ఆ చెక్ చేసేవాళ్లే లేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేట్టు బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, అదే ఏడాది చట్టం సవరించి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, కాదంటే రెండూ అన్నారు. టెస్టింగ్ సెంటర్లా, పూణే, మానేసర్, మనకి కాస్త దగ్గరంటే చెన్నై పక్కన ఒరగడం. అవి వేలల్లో బండ్లు చేసే కంపెనీలకి సరిపోతాయి గానీ చాసిస్ ఒకటి పెట్టుకున్నోడు యాడ పోతాడు?

50 ఏళ్లు దాటిన వింటేజ్ బండ్లకి 2021లో వేరే రిజిస్ట్రేషన్ పెట్టినారు కదా, 20,000 ఫీజుతో. బ్రిటన్‌లో ఒక్క బండి కట్టుకున్నోళ్లకి ఐవీఏ అని విడిగా పరీక్ష ఉంది, పాసైతేనే నంబరు. మనకీ అట్లాంటిదే అడుగుతున్నా. ఫ్రేము వెల్డింగులు, బ్రేకులు, లైట్లు, పొగ అన్నీ చూడండి, ఫెయిలైతే రోడ్డెక్కనియ్యద్దు, జిల్లాకి ఏడాదికి ఇన్నే బండ్లని లిమిట్ పెట్టినా పర్వాలేదు. రూల్ మార్చేది ఢిల్లీ అని తెలుసు, మన రవాణా శాఖ ఒక ప్రతిపాదన రాసి పంపితే చాలు, రాస్తారో రాయరో మీ పేపర్లోనే జవాబు చెప్పమనండి.

ఇట్లు,
ఒక ఫైబర్ పనివాడు,
కల్లూరు, కర్నూలు