మేజోళ్ళ అల్లిక వివరణలో సూదుల నంబర్లతో ఇబ్బంది

సంపాదకులకు నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో మూడు భాగాలుగా వెలువడుతున్న మేజోళ్ళ అల్లిక వివరణను మొదటి వారం నుంచీ ఊలు, సూది ముందు పెట్టుకుని అనుసరిస్తున్న పాఠకురాలిని నేను. కుట్ల లెక్కలో ఎక్కడా పొరపాటు లేకుండా, మడమ తిప్పే వరుసలను ఒక్కొక్కటిగా విడమరచి చెప్పినందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే ఆ వివరణ మొత్తం రెండు వైపులా మొన ఉన్న పొట్టి సూదులతో అల్లేవారినే దృష్టిలో పెట్టుకుని "ఒకటో సూది", "రెండో సూది" అంటూ సాగడం వల్ల, పొడవాటి సర్క్యులర్ సూది (రెండు మొనలను వంగే కేబుల్‌తో కలిపిన సూది) ఒక్కదానితో మ్యాజిక్ లూప్ పద్ధతిలో అల్లేవారు రెండో భాగం దగ్గరికి వచ్చేసరికి చిక్కులో పడుతున్నారు. ఆ చిక్కు ఎక్కడ ఉందో, దాన్ని ఎలా విప్పవచ్చో చెప్పడానికే ఈ ఉత్తరం.

పొట్టి సూదుల పద్ధతి చాలా పాతది. జర్మన్ చిత్రకారుడు మాస్టర్ బెర్‌ట్రామ్ 1400 ప్రాంతంలో బుక్స్‌టెహుడె బలిపీఠానికి వేసిన చిత్రాల్లో ఒకదానిలో, మేరీమాత నాలుగు సూదులతో ఒక చొక్కాను గుండ్రంగా అల్లుతూ కనిపిస్తుంది. అన్ని శతాబ్దాల అలవాటు కావడంతో అల్లిక రాసేవారి భాష కూడా ఆ సూదుల లెక్క మీదే స్థిరపడిపోయింది. మ్యాజిక్ లూప్ మాత్రం నిన్న మొన్నటిది. సారా హౌష్కా రూపొందించిన ఈ పద్ధతి 2002లో బెవ్ గలెస్కాస్ తెచ్చిన చిన్న పుస్తకంతో పదిమందికీ తెలిసింది. 80 నుంచి 100 సెంటీమీటర్ల సర్క్యులర్ సూది మీద కుట్లను రెండు సగాలుగా విడదీసి, వాటి మధ్య నుంచి కేబుల్‌ను ఉచ్చులా బయటికి లాగి, ఒక సగం అయ్యాక రెండో సగం అల్లడమే అందులోని కిటుకు. రెండు సర్క్యులర్ సూదులతో అల్లేవారికి కూడా ఇదే విభజన వర్తిస్తుంది కనుక వారికి వేరే లెక్క అవసరం లేదు.

మీ వివరణలో మొత్తం 64 కుట్లు. నాలుగు సూదుల మీద 16 చొప్పున ఉంటాయి, అయిదో సూదితో అల్లుతారు. అందులో ఒకటి, నాలుగు సూదుల మీద ఉన్నవి మడమ, అరికాలి కుట్లు. రెండు, మూడు సూదుల మీద ఉన్నవి పాదం పైభాగపు కుట్లు. కనుక మ్యాజిక్ లూప్‌లో నాలుగో సూదినీ ఒకటో సూదినీ కలిపి 32 కుట్ల అరికాలి సగంగా, రెండు, మూడు సూదులను కలిపి 32 కుట్ల పైసగంగా పెట్టుకుంటే చాలు. వినడానికి ఇంత తేలికైన విషయం చేతిలోకి వచ్చేసరికి ఎందుకు తికమకపెడుతుందంటే, పొట్టి సూదుల వివరణలో ప్రతి చుట్టు (గుండ్రంగా అల్లే ఒక పూర్తి వరుస) మడమ నడిమధ్య, అంటే నాలుగో సూదికీ ఒకటో సూదికీ నడుమ మొదలవుతుంది. మనకు ఆ చోటు అరికాలి సగం మధ్యలో పడుతుంది. అక్కడ ఒక మార్కర్ (సూదికి తొడిగే గుర్తు రింగు) వేసుకుని అల్లుకుంటూ పోవచ్చు. అంతకంటే చుట్టు మొదలును పాదం పక్కకు, అంటే అరికాలి సగం మొదలయ్యే చోటికి జరుపుకోవడమే మేలని నా అనుభవం, ఎందుకంటే అప్పుడు కేబుల్ లాగిన చోటే చుట్టు మొదలవుతుంది, లెక్క తప్పదు.

అసలు ఇబ్బంది గసెట్ (మడమకు రెండు పక్కలా వచ్చే ముక్కోణపు భాగం) దగ్గర వస్తుంది. 32 కుట్ల మీద 32 వరుసల మడమ పట్టీ అల్లి, మడమ తిప్పాక 18 కుట్లు మిగులుతాయి. పట్టీకి రెండు అంచుల్లోనూ 16 చొప్పున కుట్లు ఎత్తుకుంటే అరికాలి సగం 50 కుట్లవుతుంది, పైసగం మాత్రం 32 దగ్గరే ఉంటుంది. అంటే మొత్తం 82. ఈ రెండు సగాలూ సమానంగా లేకపోవడం తప్పేమీ కాదు, అలాగే ఉంచాలి. ఈ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా మొదటి జత పాడయ్యేది కాదు. మ్యాజిక్ లూప్ అంటే రెండు సమాన సగాలే కదా అన్న భ్రమతో నేను 82 కుట్లను 41, 41గా సర్దేసి, వివరణలో చెప్పిన తగ్గింపులను (రెండు కుట్లను ఒకటిగా చేయడాన్ని) అరికాలి సగం రెండు కొసల్లో చేసుకుంటూ పోయాను. తొమ్మిది తగ్గింపు చుట్లు పూర్తయ్యేసరికి లెక్క ప్రకారం మొత్తం 64 కుట్లే ఉన్నాయి, కానీ కింద 23, పైన 41! పక్కగా చీలమండ నుంచి నిటారుగా దిగాల్సిన తగ్గింపుల గీత అరికాలి కిందికి జారిపోయి, వేసుకుంటే మేజోడు పాదం మీద మెలితిరిగింది. రెండు సాయంత్రాల అల్లికను మడమ దాకా విప్పి, మెలికలు పడిన ఊలును తడిపి ఆరబెట్టి మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది.

తగ్గింపుల వరుసక్రమం విషయంలో కూడా ఒక మెలకువ కావాలి. మీ వివరణలో ఒకటో సూది చివర మూడు కుట్లు మిగిలినప్పుడు రెండు కుట్లు కలిపి అల్లే, కుడికి వాలే తగ్గింపు ముందు వస్తుంది. నాలుగో సూది మొదట్లో ఒక కుట్టు అల్లాక చేసే, ఎడమకు వాలే తగ్గింపు చుట్టు చివర వస్తుంది. చుట్టు మొదలును పక్కకు జరిపినప్పుడు నాలుగో సూది కుట్లే ముందుకు వస్తాయి కనుక ఆ క్రమం తారుమారవుతుంది: ఒక కుట్టు అల్లి, ఎడమకు వాలే తగ్గింపు చేసి, చివర మూడు కుట్లు మిగిలేదాకా అల్లి, కుడికి వాలే తగ్గింపు చేసి, ఆఖరి కుట్టు అల్లి, పైసగాన్ని మామూలుగా అల్లేస్తే ఒక చుట్టు పూర్తవుతుంది. ఈ తగ్గింపులు చుట్టు విడిచి చుట్టు చేస్తే 18 చుట్లలో 82 కుట్లు తిరిగి 64 అవుతాయి. క్రమం మార్చకుండా అక్షరం పొల్లుపోకుండా చేసినవారికి రెండు తగ్గింపులూ ఉండవలసిన వాలుకు ఎదురుగా పడి, గసెట్ అంచు నున్నగా రాక గరుకుగా కనిపిస్తుంది.

కాలి భాగంలో జల్లెడ అల్లిక (రంధ్రాల నమూనా) ఉన్న వివరణల్లో మరో సంగతి గమనించాలి. 12 కుట్ల నమూనా అయిదుసార్లు వచ్చే 60 కుట్ల మేజోడును 30, 30గా విడదీస్తే మూడో నమూనా సరిగ్గా మధ్యకు తెగుతుంది. అక్కడ 36, 24గా పెట్టుకుని, మడమ మొదలుపెట్టే ముందు మళ్ళీ సర్దుకోవడం మంచిది. సగం మొదట్లోనే రంధ్రం కోసం సూది మీద ఊలును ఒక మెలిక వేయమని నమూనా చెబితే ఆ మెలిక కేబుల్ లాగేటప్పుడు జారిపోతుంది కాబట్టి, విభజనను ఒక కుట్టు అటో ఇటో జరుపుకోవాలి. రిబ్బింగ్ (సాగే గీతల అల్లిక) విషయంలో రెండు నిట్ (మామూలు కుట్టు), రెండు పర్ల్ (తిరగవేసిన కుట్టు) అయితే ప్రతి సగమూ నిట్‌తో మొదలై పర్ల్‌తో ముగిసేలా చూసుకుంటే చాలు.

ఈ అవస్థకు మందు అల్లేవారి చేతిలో కంటే రాసేవారి చేతిలో ఎక్కువగా ఉంది. "ఒకటో సూది" అనే చోట "అరికాలి మొదటి సగం" అనీ, "రెండు, మూడు సూదులు" అనే చోట "పాదం పైభాగం" అనీ రాస్తే స్థలం పెద్దగా పెరగదు; పొట్టి సూదులవారికీ, పొడవు సూదివారికీ, మార్కర్ల మీదే ఆధారపడి చిన్న సర్క్యులర్ సూదితో అల్లేవారికీ అదే వాక్యం పనికివస్తుంది.

వచ్చే ఆదివారం వేళ్ల భాగం ప్రచురిస్తారని మీరు ప్రకటించారు. అక్కడ నాలుగు సూదులకూ నాలుగు వేర్వేరు సూచనలు ఇచ్చే బదులు, "ప్రతి సగం మొదట్లో ఒక కుట్టు తర్వాత ఎడమకు వాలే తగ్గింపు, చివర ఒక కుట్టుకు ముందు కుడికి వాలే తగ్గింపు" అని ఒకే వాక్యం వేయవలసిందిగా కోరుతున్నాను. 12 తగ్గింపు చుట్ల తర్వాత సగానికి 8 చొప్పున 16 కుట్లు మిగులుతాయి. మ్యాజిక్ లూప్‌లో అవి అప్పటికే ఎదురెదురుగా ఉంటాయి కనుక, ఊలు సూదితో కలిపి మూసేయడానికి వాటిని వేరే సూదుల మీదికి మార్చనక్కరలేదన్న మాట కూడా అక్కడే చేర్చగలరు. వీలైతే రెండో భాగానికి సంబంధించి, గసెట్ దగ్గర సగాలను 50, 32గానే ఉంచాలన్న ఒక్క వాక్యాన్ని సవరణగా అదే పేజీలో వేయించండి. ఈ వారం ఆ చోట ఆగిపోయినవారు విప్పకుండానే ముందుకు సాగగలుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు