తొమ్మిది వారాలుగా నా ఫిర్యాదు వినే మనిషే లేడు

సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. యంత్రమన్నాక చెడుతుంది, ఆ సంగతి నాకూ తెలుసు. తొమ్మిది వారాలుగా మీలో ఒక్కరూ నా మాట పూర్తిగా వినలేదు. నా కడుపుమంట దానికే.

మొదటిసారి ఫోన్ చేసి ఇరిగేషన్ పంపు ఆగిపోయిందంటే, ‘బోరు ఎన్ని అడుగులు మేడమ్?’ అన్నాడు మీ అబ్బాయి. పంటి ఆపరేషన్‌లో సెలైన్ పోసే పంపు అని చెబుతుండగానే లైన్ కట్టయింది. తర్వాత ఒకావిడ సీరియల్ నంబరు ఫొటో అడిగింది. పంపాను. వారానికి ఇంకొకరు మళ్లీ అదే ఫొటో అడిగారు. మూడోసారి పంపాక, విజయవాడ డీలరు చూసుకోవాలన్నారు. డీలరేమో ‘అమ్మడం వరకే మాది’ అన్నాడు. గురువారం ఇంజినీరు వస్తాడంటే ఇద్దరు పేషెంట్లను మరో రోజు రమ్మని సాయంత్రం దాకా కూర్చున్నాను. ఆరింటికి మెసేజ్ వచ్చింది: ‘మీ ఫిర్యాదు పరిష్కరించాం.’ తలుపు తట్టినవాడే లేడు, ఏం పరిష్కరించారు?

అడ్డంగా ఇరుక్కున్న జ్ఞానదంతం తీయాలంటే గిర్రున తిరిగే చిన్న కోత పరికరం, బర్‌తో ఎముక కోయాలి. కోస్తున్నంతసేపూ చల్లబరచడానికి సెలైన్ పడాలి. ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతింటుంది. బర్ తిప్పే మోటారు, సెలైన్ పంపు ఒకే యంత్రంలో ఉండే ఫిజియోడిస్పెన్సర్ కొనే స్తోమత లేకే మీ చౌక పంపు తీసుకున్నాను. ఇప్పుడు మా అసిస్టెంటు అమ్మాయి 20 ఎంఎల్ సిరంజితో పోస్తోంది. ఆ పద్ధతిని తక్కువ చేయను, కాలేజీలో మేం నేర్చుకున్నదీ అదే. కానీ సిరంజి నింపిన ప్రతిసారీ నేను బర్ ఆపాలి, పేషెంటు నోరు తెరిచే ఉంచాలి. మొన్న ఒక పెద్దాయన పన్ను తీసేసరికి ఆ పిల్ల బొటనవేలి మీద ప్లంజరు అచ్చు ఎర్రగా పడింది. సెలైన్ సంచికి బీపీ కఫ్ చుట్టి, ఐవీ సెట్టుతోనూ చూశాం. గాలి తగ్గినప్పుడల్లా కొట్టడానికి ఇంకో మనిషి కావాలి.

2014 నుంచి బర్‌లు, హ్యాండ్‌పీసులు మీ దగ్గరే కొంటున్నాను. నా మాట నమ్మి ముగ్గురు జూనియర్లు ఇదే పంపు కొన్నారు. రేపు వాళ్లకు నేనేం చెప్పాలి?

శనివారంలోగా ఈ పంపు గురించి తెలిసిన మనిషి, తన పేరు చెప్పి నాకు ఫోన్ చేయాలి. బాగుచేస్తారో, డబ్బు తిరిగిస్తారో అప్పుడు మాట్లాడదాం. చేయకపోతే మీ మెసేజ్‌లన్నీ ప్రింటు తీసి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఆ ముగ్గురినీ వెంటబెట్టుకునే వెళ్తాను.

ఇట్లు,
ఒక దంతవైద్యురాలు,
నరసరావుపేట