నువ్వు కూర్చున్న గుట్ట

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాసేది.

మొన్న నువ్వు పంపిన ఫోటోలో, మీ యూనివర్సిటీ దగ్గరి ఆఖెనర్ వైయర్ చెరువు పక్కన, పచ్చటి గుట్ట మీద స్నేహితులతో కూర్చుని ఉన్నావు. ఆ గుట్ట భూమిలోంచి పుట్టింది కాదమ్మా. రెండో ప్రపంచ యుద్ధంలో కూలిపోయిన మీ జర్మనీ ఊరు కొలోన్‌లోని ఇళ్ల శిథిలాలను తెచ్చి అక్కడ పోసి, పైన మట్టి కప్పి గడ్డి పెంచారు. టౌన్ ప్లానింగ్ విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ని కనుక, ఆ సంగతి చదువుతూ చదువుతూ నేను మేయర్ కోన్రాడ్ అడెనావర్ దగ్గర ఆగిపోయాను.

1917 నుంచి ఆ ఊరికి మేయరుగా ఉన్న ఆయనను 1933లో నాజీలు పదవి నుంచి తొలగించారు. 1945 మార్చి 6న అమెరికన్ సైన్యం నగరంలోకి వచ్చిన రోజునే, వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యం హోహెన్‌జోలెర్న్ వంతెనను పేల్చి రైన్ నదిలో కూల్చేసింది. ఏడున్నర లక్షలకు పైగా జనం బతికిన ఊళ్లో, ఎడమ ఒడ్డున మిగిలినవారు సుమారు 40,000 మంది. అమెరికన్లు మళ్లీ మేయరు కుర్చీ అప్పగించేనాటికి ఆయనకు 69 ఏళ్లు.

నీళ్లు, తిండి, నీడ చూడడం ఏ మేయరుకైనా తప్పని పని. నన్ను కదిలించింది వేరొకటి. నగరపాలక సంస్థ బస్సులను బూఖెన్‌వాల్డ్, డాఖౌ, టెరేజియన్‌స్టాట్ నిర్బంధ శిబిరాలకు పంపి, అక్కడ ప్రాణాలతో మిగిలిన తన ఊరివాళ్లను ఇంటికి రప్పించాడు. ఇళ్లే లేని ఊరికి మనుషులను ముందు తెచ్చుకున్న ఆ నిర్ణయాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

జూన్‌లో అధికారం బ్రిటిష్ సైన్యం చేతికి వచ్చింది. చలికాలం దగ్గరపడుతుంటే, పొయ్యిల కోసం ఊరి చుట్టూ ఉన్న హరితవలయంలోని చెట్లు కొట్టించమన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత, సంధి షరతుల ప్రకారం పడగొట్టిన కోటల స్థలాన్ని ఇళ్ల ప్లాట్లకు పోనివ్వకుండా ఆ తోటలు వేయించింది అడెనావరే. చెట్లతో ఊరి చలి తీరదనీ, జనానికి బొగ్గు ఇవ్వాలనీ ఆయన వాదించాడు. పసిపిల్లలు వణుకుతుంటే చెట్లు ముఖ్యమా అని నన్ను నేను చాలాసార్లు అడిగి చూసుకున్నాను. అడిగిన ప్రతిసారీ చివరికి ఆయన పక్షానే నిలిచాను. రోడ్డు వెడల్పు కోసం నలభై నిద్రగన్నేరు చెట్లు కొట్టే ఫైలు మీద సంతకం చేసిన చెయ్యి నాది. ఆ రోడ్డు ఇప్పుడు మళ్లీ ఇరుకైంది, నీడ మాత్రం తిరిగి రాలేదు.

శిథిలాల తొలగింపులోనూ, చలికాలపు ఏర్పాట్లలోనూ చురుకుదనం చాలలేదంటూ బ్రిటిష్ బ్రిగేడియర్ బారక్లఫ్ 1945 అక్టోబరు 6న ఆయనను పదవి నుంచి తీసేసి, ఊరు విడిచి వెళ్లమన్నాడు. అప్పుడు ఆయన భార్య కొలోన్ ఆసుపత్రిలోనే ఉంది. నాలుగేళ్లకు ఆయన పశ్చిమ జర్మనీకి తొలి చాన్సలర్ అయ్యాడు. లోకం గుర్తుపెట్టుకున్నది ఆ పదవినే, నాకు మాత్రం మేయరుగా ఉన్న ఆ కొద్ది నెలలే పెద్దవి.

ఆదివారం తీరిక చూసుకుని హరితవలయంలో నడిచి, అక్కడి పాత చెట్లలో బాగా లావైనదాని మొదలు నీ రెండు చేతుల్లో ఇముడుతుందో లేదో చూసి నాకు రాయి.

ఇట్లు,
నాన్న