పిటిషన్‌లో కనిపించని కారణాలు

సంపాదకునికి,

విడాకులకు ఆడపిల్లల చదువు, ఉద్యోగాలే కారణమని తేల్చేవారు ఒక్కరోజు కుటుంబ న్యాయస్థానం వరండాలో కూర్చోవాలి. వకీలు గుమస్తాగా నేను ఏళ్లపాటు కూర్చున్నాను. 1955 నాటి హిందూ వివాహ చట్టం క్రూరత్వం, రెండేళ్ల పరిత్యాగం వంటి కారణాలు చూపమంటుంది. అందుకే ఏ పిటిషన్ తిరగేసినా ‘క్రూరత్వం’ అన్న మాటే. దాని వెనుక ఉన్నవి వేరు: తాగుడు, పెళ్లికి ముందు దాచిన అప్పు, తీరని కట్నం పేచీ, కోడలి జీతం ఎవరి చేతికన్న తగువు. చాలా జంటలు పోట్లాడుకోవడం కూడా మానేశాకే వకీలు గడప తొక్కుతాయి.

పరస్పర అంగీకార విడాకులు 1976లోనే వచ్చాయి. అలా పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన కేసుల్లో సడలించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. పెద్దమనుషులు మాత్రం ఇప్పటికీ ‘సర్దుకుపో’ అని అమ్మాయికే చెబుతున్నారు. అబ్బాయిని సీసా దించమన్నవారిని నేను అరుదుగా చూశాను.

– విశ్రాంత వకీలు గుమస్తా, గుంటూరు