ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకి

అందరికీ వందనాలు. మా ఆయన చనిపోయినప్పుడు పెట్టిన ఆదరణ కూడికకి వచ్చినవాళ్లకి, రాలేక ఫోన్ చేసినవాళ్లకి పేరుపేరునా జవాబు ఇవ్వలేకపోయాను, ఏమీ అనుకోకండి.

ఆయన పోయాక నెల రోజులు ప్రార్థనకి కూర్చుంటే నోట మాట వచ్చేది కాదు. పొద్దున్నే అలవాటుగా రెండు గ్లాసుల్లో టీ పోసేసి, రెండోదాన్ని చూస్తూ నిలబడిపోయేదాన్ని. "దేవుని చిత్తం, ఏడవకూడదమ్మా" అన్నారు కొందరు. నా మంచి కోరే అన్నారు గానీ, నాకు మింగుడుపడలేదు.

యోహాను సువార్త 11వ అధ్యాయం మళ్లీ తీశాను. లాజరుని సమాధిలో పెట్టి అప్పటికే 4 రోజులు. తాను అతన్ని బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ప్రభువు ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. లాజరు తోబుట్టువు మరియని ఏడుపు ఆపమనలేదు. అక్కడ నాకు ఊపిరాడింది. ఇప్పుడు ఏడుస్తూనే ప్రార్థన చేసుకుంటున్నాను. పోయిన ఆదివారం మళ్లీ క్వయర్‌లో నిలబడ్డాను (గొంతు సగమే పలికింది, అది వేరే సంగతి).

ఈస్టర్ రోజు తెల్లవారుజామున 4 గంటలకి సమాధుల తోటకి వెళ్తున్నాం. ఆయన సమాధికి సున్నం వేయించాం. కొవ్వొత్తులు, మల్లెపూలు నేను తెస్తాను. ఈ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఒంటరిగా రాలేమనుకుంటే చెప్పండి, మా ఆటోలో ఇద్దరికి చోటుంది.